మూడో బెజ్జం

“పదకొండింటికి కూతురు ఈ వాంగ్మూలం మీద సంతకం పెడుతుంది. ఈలోపు మీరేం చూసుకుంటారో చూసుకోండి మేడమ్,” అన్నాడు ఇన్‌స్పెక్టర్, అట్టకి క్లిప్పు పెట్టిన కాగితాన్ని మోకాలి మీద తాటిస్తూ.

గడియారం వాచీ చూసుకుంది. తొమ్మిదీ పన్నెండు.

గడియారం అన్నది పోలీసు ఉద్యోగంలో ఉండగా ఆమెకి అంటుకున్న పేరు. ఏ కేసులోనైనా ‘ఎవరు’ అని కాకుండా ముందు ‘ఎప్పుడు’ అని అడిగేది. ఇరవయ్యారేళ్లు అలా అడిగింది. చివరికి ఒక పెద్దమనిషి కొడుకు విషయంలోనూ అదే అడిగేసరికి ఉద్యోగం ఊడింది. ఆ విచారణలో ఆమెకి వ్యతిరేకంగా సాక్ష్యం చెప్పింది ఈ ఇన్‌స్పెక్టరే. అప్పుడతను ఆమె కింద పనిచేసేవాడు. పంచనామా రాయడం ఆమె దగ్గరే నేర్చుకుని, ఆమె కుర్చీలోనే కూర్చుని ఐదేళ్లయింది. తలుచుకుంటే ఇప్పటికీ ఆమె నోరు చేదవుతుంది. ప్రైవేటు డిటెక్టివ్‌గా బోర్డు కట్టుకున్నాక కూడా పేరు మాత్రం ఆమెని వదల్లేదు.

“జరిగింది నీ నోటితో ఒకసారి చెప్పు.”

“చెప్పడానికేముంది? పెద్దాయనకి డెబ్భై ఒకటి. ఈ గుర్రపుశాల ఆయనదే. ముప్ఫయ్యైదేళ్లుగా పిల్లలకి పోనీల మీద స్వారీ నేర్పుతున్నాడు. పిల్లల్ని ఎక్కించే ముందు రోజూ ఏదో ఒక పోనీని తనే రెండు చుట్లు తిప్పి చూస్తాడట. ఇవాళ బుంగ అనే ముసలి పోనీ వంతు. జీను వేసింది కూతురు. ఇక్కడ టీచరమ్మ ఆవిడే. పొట్టపట్టీ సరిగ్గా బిగించలేదు. ఈయన రికాబులో కాలు పెట్టగానే జీను గిర్రున పొట్ట కిందికి తిరిగింది. వెనక్కి పడ్డాడు. ఎక్కడానికి కట్టిన సిమెంటు దిమ్మ అంచు తలకి తగిలింది. ఆరూ నలభై అయిదుకి కొడుకు చూసి కేకపెట్టాడు. ఏడూ అయిదుకి మేమొచ్చాం. కావాలని చేసిందని నేననట్లేదు. నిర్లక్ష్యం, అంతే.”

“ఆమె ఒప్పుకుందా?”

“నేనే చంపానని ఏడుస్తోంది. నాకింకేం కావాలి?”

“నీకెప్పుడూ అంతకంటే ఎక్కువ అక్కర్లేదులే. ఫొటోలు చూపించు.”

అతను మొహం మాడ్చుకుని ఫోన్ ఇచ్చాడు. ఎవరూ ఏదీ ముట్టుకోకముందు తీసిన ఫొటోలు. దిమ్మ పక్కన పెద్దాయన. రెండు బారల దూరంలో బుంగ, పొట్ట కింద తలకిందులుగా జీను. గడియారం ఫొటోని పెద్దది చేసి చూసింది. పొట్టపట్టీ మూడో బెజ్జంలో ఉంది. రికాబులు రెండూ తోలుపట్టీల వెంబడి పైకి జరిపి, జీనుని ఆనుకుని ఉన్నాయి. చిన్న పుస్తకంలో ఆ రెండు ముక్కలూ రాసుకుంది.

“జేబులో ఏమున్నాయి?”

“విజిలు, కేరెట్ ముక్కలు, సూదికి తొడిగే ప్లాస్టిక్ మూత. గుర్రాలున్న చోట సూదులుండవా? దాన్నీ పట్టుకుని పీకుతారా?”

ఆమె మూడో ముక్క కూడా రాసుకుంది.

*

టీచరమ్మ, షోలో పోటీకి వెళ్లాల్సిన పోనీ మెరుపు దగ్గర ఉంది. తండ్రి శవం ఆసుపత్రికి వెళ్లి గంటన్నర కాలేదు, ఆమె పోనీకి జడలు వేస్తోంది. మెడ మీది జూలుని పాయలుగా విడదీసి, ఒక్కొక్కటీ అల్లి, మడిచి, దారంతో కుట్టేస్తోంది. పదకొండు జడలు అప్పటికే పూర్తయ్యాయి. పన్నెండోది చేతిలో ఉంది. కళ్లు వాచిపోయి ఉన్నాయి, వేళ్లు మాత్రం తప్పు చెయ్యట్లేదు.

“ఇప్పుడు జడలేమిటమ్మా?” అంది గడియారం.

“తమ్ముడు పూర్తి చెయ్యమన్నాడు. పన్నెండుకి షో ఉంది. వాడి పాప మెరుపు మీద అడ్డకర్రలు దూకాలి. నాన్నుంటే షో ఆపొద్దనే అనేవాడు అన్నాడు.” పోనీ మెడ మీద నుదురు ఆనించింది. “నేను కాదనడానికి ఏ మొహం పెట్టుకుని?”

“పొద్దుట్నుంచి చెప్పు. టైములతో చెప్పు.”

“ఆరింటికి పది నిమిషాల ముందు బుంగకి జీను వేశాను. అది తుంటరిదండీ. జీను వెయ్యగానే గాలి పీల్చి పొట్ట ఉబ్బిస్తుంది. అందుకే దానికి బుంగ అని పేరు. ఎంత బిగించినా మూడో బెజ్జం దాటదు. బయటికి తీసుకెళ్లి పది అడుగులు నడిపిస్తే ఊపిరి వదిలేస్తుంది, పట్టీ వేలాడుతుంది. అప్పుడు అయిదో బెజ్జానికి లాగాలి. అందుకే మా దగ్గర అన్ని పోనీలకీ రెండుసార్లు బిగించడం రూలు.”

“నువ్వు రెండోసారి బిగించలేదు.”

“ఆరూ అయిదుకి తమ్ముడు పిలిచాడు, మెరుపుకి జడలు వెయ్యమని. బుంగని నాన్నకి అప్పజెప్పి వచ్చాను. పదకొండో జడ పూర్తవుతుండగా వాడి కేక వినపడింది. రెండోసారి బిగించలేదని నాన్నకి చెప్పానో లేదో…” దారం బిగుసుకుని తెగింది. “గుర్తు రావట్లేదండీ. పొద్దుట్నుంచి అదే ఆలోచిస్తున్నా. చెప్పినట్టే ఉంటుంది, మళ్లీ చెప్పలేదేమో అనిపిస్తుంది.”

“పట్టీ మాట ముందు ఎత్తిందెవరు?”

“తమ్ముడే. నేను పరిగెత్తుకుంటూ వెళ్లేసరికి నాన్న పడి ఉన్నాడు. వాడు నావైపు తిరిగి, ‘అక్కా, రెండోసారి బిగించావా?’ అన్నాడు.”

తండ్రి కింద పడి ఉంటే నోట్లోంచి వచ్చిన మొదటి మాట అది. గడియారం వాచీ చూసింది. తెగిన దారంతో కలిపి పన్నెండో జడకి మూడు నిమిషాలు దాటింది. పదమూడోది సరిగ్గా మూడు నిమిషాలు పట్టింది.

దారం అయిపోయి టీచరమ్మ ఇంట్లోకి వెళ్లింది. పోనీ తాడు పట్టుకుని మూల నిలబడ్డ పాప అప్పుడు నోరు విప్పింది. కొడుకు కూతురు, తొమ్మిదేళ్లుంటాయి. స్వారీ బట్టలు వేసుకుని తయారుగా ఉంది.

“తాతయ్యని పోలీసులు ఎప్పుడు పంపిస్తారు?”

ఈ పిల్లకి ఎవరూ ఏమీ చెప్పినట్టు లేదు. గడియారం మాట మార్చింది. “నీ పోనీ బాగుందే. బాగా దూకుతుందా?”

“దూకుతుంది. మొన్నటిదాకా కుంటేది. ఈ ముందుకాలు. షోకి వద్దని తాతయ్య అన్నాడు. రాత్రి నాన్నా తాతయ్యా చాలా అరుచుకున్నారు. కానీ నాన్న సూది వేస్తే కుంటదు. నిన్న వేసి చూశాడు. ఇవాళ షో దగ్గర మళ్లీ వేస్తాడు.”

గడియారం వంగి కాలు చూసింది. గిట్టకి కాస్త పైన గోరంత మేర వెంట్రుకలు నున్నగా గొరిగి ఉన్నాయి. మనుషులకి నొప్పిసూదులు వేసినట్టే గుర్రాలకీ వేస్తారు కాబోలనుకుంది. తండ్రీకొడుకుల గొడవ మాత్రం రాసుకుంది.

తర్వాత చాలాకాలం ఆమె తనని తాను తిట్టుకున్నది ఈ ఒక్క నిమిషం గురించే.

*

వంటింట్లో మాడిన పాల వాసన ఇంకా పోలేదు. పొయ్యి చుట్టూ పాలు పొంగి అట్టకట్టాయి. గిన్నె అడుగు నల్లగా బొగ్గయి సింకులో పడి ఉంది. పెద్దావిడ పీచు పెట్టి దాన్ని తోముతూనే ఉంది. అది ఈ జన్మకి తెల్లబడేది కాదు.

“అందరూ ప్రమాదం అంటుంటే నాకెందుకు ఫోన్ చేశారమ్మా? ఏడున్నరకే చేశారు.”

“ఎవరో ఒకరు సరిగ్గా చూడాలి కదా.” ఆవిడ తలెత్తలేదు.

“పొద్దున మీరు శాలకి వెళ్లారా?”

“ఆరింటికి టీ ఇచ్చి వచ్చాను. పోనీల దగ్గరికి పోను, నాకు భయం. నలభయ్యేళ్ల కాపురంలో ఒక్కదాని మీదా చెయ్యి వెయ్యలేదు. గుమ్మం దగ్గర కప్పులు పెట్టి వచ్చేశాను.”

“అప్పటికి మెరుపుకి జడలు వేసి ఉన్నాయా?”

“లేవు. జూలు విరబోసుకునుంది.”

“ఆ తర్వాత?”

“పాలు పెట్టాను. పొంగిపోయాయి.” పీచు ఇంకా గట్టిగా తిప్పింది. “వయసైపోయింది. మతిమరుపు.”

గడియారం సింకు పైనున్న కిటికీలోంచి బయటికి చూసింది. ఇసక పోసిన గుండ్రటి మైదానం, మధ్యలో సిమెంటు దిమ్మ. అడ్డుగా ఒక్క కొమ్మ కూడా లేదు. అడగబోయింది. ఆవిడ గిన్నె మీదికి ఇంకా వంగింది. పొద్దున్నే భర్తని పోగొట్టుకున్న మనిషిని ఇంకెంత కోస్తాం అనుకుని వెనక్కి తగ్గింది.

*

జీనులు పెట్టే గది గుమ్మంలోనే కొడుకు ఎదురయ్యాడు. నున్నగా గీసిన గడ్డం, ఇస్త్రీ చొక్కా.

“అమ్మ భయపడి పిలిచినట్టుంది. మీ ఫీజు ఇచ్చేస్తాం, మీరు బయల్దేరండి. అక్క సంతకం పెడితే నాన్న సాయంత్రానికి ఇంటికొస్తాడు. ఆవిడకి జైలేం ఉండదు, నేను ఇన్‌స్పెక్టర్‌గారితో మాట్లాడాను. మహా అయితే జరిమానా.”

“పొద్దున ఆరూ పది నుంచి ఆరూ నలభై దాకా మీరెక్కడున్నారు?”

“వెనకాల ట్రైలరు కడుగుతున్నా. అదీ స్టేట్‌మెంట్‌లో ఉంది. చదువుకోండి.”

“అంత పొద్దున్నే?”

“షోకి వెళ్లే బండి పేడతో వెళ్తే మార్కులు పోతాయి. మీకు తెలీదులెండి.” వాచీ చూసుకున్నాడు. “నాన్న పేరు నిలబెట్టేది ఇవాళ నా కూతురే. దారివ్వండి.”

అక్క పేరు ఏమైపోయినా అతనికి ఫరవాలేనట్టుంది. దారివ్వడం తప్ప ఆమె చెయ్యగలిగిందేమీ లేదు. చేతిలో అధికారం లేని మనిషి ప్రశ్న మాత్రమే అడగగలదు. పదీ ముప్ఫై అయిదు.

గదిలో బల్ల మీద బుంగ జీను ఉంది. దాని పైన గోడకి చెక్క పలక, మీద పెద్దాయన రాసిన పెద్ద పెద్ద అక్షరాలు. ఎక్కేముందు ఏం చెయ్యాలి, దిగాక ఏం చెయ్యాలి, వరసగా. గడియారం దాన్ని రెండుసార్లు చదివింది. జీను తిప్పి చూసింది. మళ్లీ పలక చదివింది. తర్వాత గుమ్మంలోకి వచ్చి టీచరమ్మనీ ఇన్‌స్పెక్టర్‌నీ కేకేసింది.

ఇన్‌స్పెక్టర్ కలం మూత తీసి మరీ వచ్చాడు. “పదీ యాభై రెండు. ఎనిమిది నిమిషాలు ముందే పెట్టేద్దామంటారా?”

“కూర్చో. అమ్మా, ఈ రికాబు తోలుపట్టీ ఏ బెజ్జంలో ఉంది?”

టీచరమ్మ చూసింది. “చిట్టచివరి దాంట్లో. ఇది నాన్న పొడవు. పిల్లలెవరికీ ఇంత దించం.”

“నువ్వు దించావా?”

“లేదు. ఎవరి కాలికి వాళ్లే దించుకుంటారు, రెండోసారి పట్టీ బిగించాక. ఆ పలక మీద ఉంది కదా. బిగించాలి, రికాబు దించాలి, పొడవు సరిచూడాలి, అప్పుడు ఎక్కాలి.”

“పలక రాసిందే మీ నాన్న. కాబట్టి ఆయన బిగించాడు, దించాడు, పొడవు సరిచేశాడు. ఇక ఎక్కడమే మిగిలింది. మరి ఫొటోలో రికాబులు మళ్లీ పైకెలా పోయాయి?”

ఇన్‌స్పెక్టర్ ఫోన్ తీసి చూసుకున్నాడు. మొదటిసారి అతని కనుబొమలు ముడిపడ్డాయి.

“పైకి జరిపిన రికాబులో కాలు పెట్టడానికి లేదు,” అంది గడియారం. “కాలు పెట్టకపోతే బరువు పడదు. బరువు పడకపోతే జీను తిరగదు. నీ ప్రమాదం జరగనేలేదు నాయనా. పెద్దాయన వేరే విధంగా పడ్డాడు. ఆ తర్వాత ఎవరో పట్టీ వదులు చేసి, జీనుని చేత్తో తిప్పారు. రికాబులు జరిపింది కూడా వాళ్లే.”

“ఎందుకు జరుపుతారండీ? ఉన్నవాటిని ఉన్నట్టు వదిలేస్తే మనకి అనుమానమే వచ్చేది కాదు కదా?”

“అమ్మా, దిగాక ఏం చెయ్యాలో ఇతనికి చెప్పు.”

“రికాబులు పైకి జరపాలి. తర్వాత పట్టీ రెండు బెజ్జాలు వదులు చెయ్యాలి.” పాఠం అప్పజెప్పినట్టు చెప్పింది టీచరమ్మ. “రికాబులు వేలాడుతుండగా పట్టీ మీద చెయ్యి వేస్తే నాన్న కర్రతో వేళ్ల మీద కొట్టేవాడు. నన్నూ తమ్ముడినీ…”

అక్కడ ఆగిపోయింది.

“అయిదులోంచి రెండు పోతే మూడు,” అంది గడియారం. “పట్టీ వదులు చేద్దామనే అనుకున్నారు, పాపం. పట్టీ మీదికి పోబోయిన చెయ్యి ముందు రికాబుల మీదికి పోయింది. చిన్నప్పుడు దెబ్బలు తిని నేర్చుకున్న పాఠం. బయటివాళ్లయితే ఈ పొరపాటు చెయ్యలేరు. ఈ ఇంట్లో పెరిగిన చెయ్యే చెయ్యాలి.”

ఇన్‌స్పెక్టర్ తేరుకున్నాడు. మొహంలో వెలుగు కూడా వచ్చింది. “అంటే నిర్లక్ష్యం కాదు, హత్య. ఈ ఇంట్లో పెరిగిన చెయ్యి ఇదిగో, ఎదురుగానే ఉంది. కేసు ఇంకా గట్టిపడింది. థాంక్స్ మేడమ్.”

టీచరమ్మ గోడకి జారగిలబడిపోయింది.

“ఇందుకే నువ్వు నా కుర్చీలో కూర్చున్నా నీకది సరిపోలేదు,” అంది గడియారం. “వెళ్లి మెరుపు మెడ చూడాల్సింది. ఆరింటికి జూలు విరబోసి ఉందని తల్లి చెప్పింది. అక్కడ పొద్దున వేసిన జడలు పదకొండు. ఈమె వేస్తుంటే నిలబడి లెక్కపెట్టాను, జడకి మూడు నిమిషాలు. పదకొండు మూళ్లు ముప్ఫై మూడు. ఆరూ పదికి మొదలెడితే ఆరూ నలభై మూడు. రెండు నిమిషాలకి తమ్ముడి కేక. కదలకుండా నిలబడితే తప్ప అన్ని జడలు పడవు. ఈమె ఎక్కడికీ కదల్లేదు.”

ఇక మిగిలిన చెయ్యి ఒక్కటే.

“వద్దండీ,” అంది టీచరమ్మ. “నేను చెప్పాను. ఇప్పుడు గుర్తొచ్చింది. ‘నాన్నా, రెండోసారి బిగించలేదు’ అన్నాను. ‘నాకు తెలీదేంటే’ అని నవ్వాడు. చెప్పాను కదా అని ఊపిరి పీల్చుకోడానికి కూడా లేకుండా చేశారు మీరు. నేనే చంపానంటే పోయేది. వాడెందుకు? వాడికి నాన్నతో ఏం…”

గడియారం పుస్తకం తెరిచింది. “పోనీ గిట్ట పైన గోరంత మేర గొరిగి, అక్కడ సూది ఎందుకేస్తారమ్మా? ఆ సూది మూత మీ నాన్న జేబులో ఉంది. మెరుపు కాలు అలా గొరిగి ఉంది. పాప చూపించింది.”

టీచరమ్మ మొహంలో రక్తం ఇంకిపోయింది.

“నరానికి వేస్తారు. కాలు మొద్దుబారిపోతుంది. కుంటున్నట్టు ఎవరికీ తెలీదు. నేల మీద గిట్ట పడిందో లేదో ఆ పోనీకే తెలీదు. అలాంటి కాలితో మీటరు ఎత్తు కర్ర దూకి దిగితే…” ఒక్కసారి లేచింది. “పాప ఏది?”

బయట ఇంజను శబ్దం. వాళ్లు గుమ్మంలోకి వచ్చేసరికి ట్రైలరు గేటు దాటి మలుపు తిరిగింది. పదీ యాభై తొమ్మిది. గోరంత జాగా తను చూసి గంట దాటింది. చూసి, రాసుకోకుండానే పేజీ తిప్పేసింది. గడియారం అని పేరు పెట్టించుకుని ఏం లాభమని తనని తాను తిట్టుకుంది.

“ఆపండి, ఫోన్ చెయ్యండి!” టీచరమ్మ అరిచింది.

ఇన్‌స్పెక్టర్ కదల్లేదు. “దేనికని ఆపను? జడలు లెక్కపెట్టామని చెప్పనా? రికాబులు పైకున్నాయని చెప్పనా? చూసినవాళ్లు లేరు. రేపు వాడు లాయర్ని పెట్టుకుంటే ఊడేది నా ఉద్యోగం. మేడమ్‌కి ఆ సంగతి బాగా తెలుసు.”

“పాపని కూడా ఎక్కించుకుపోయాడా?”

అందరూ వెనక్కి తిరిగారు. పెద్దావిడ. చేతులకి మసి, సబ్బు నురగ. ఎంతసేపట్నుంచి ఉందో.

“అమ్మా, నువ్వు లోపలికెళ్లు,” అంది టీచరమ్మ.

ఆవిడ కూతురి వైపు చూడలేదు. నేరుగా ఇన్‌స్పెక్టర్ దగ్గరికి వెళ్లింది. “ఆ కాగితం మీద దీని పేరు కొట్టెయ్యి బాబూ. నేను చెప్తాను, రాసుకో. ఆరూ పావుకి పాలు పెట్టి కిటికీ దగ్గర నిలబడ్డాను. ఇద్దరూ అరుచుకుంటున్నారు. ఆయన చేతిలో ఏదో చిన్నది ఎత్తి చూపించి జేబులో వేసుకున్నాడు. పాపని ఎక్కనివ్వనన్నాడు. వీడు తోశాడు. ఒక్కసారే తోశాడు.”

ఇన్‌స్పెక్టర్ కలం కాగితం మీద ఆనింది.

“చూస్తూ ఊరుకున్నావా అమ్మా?” టీచరమ్మ గొంతులో ఏడుపు లేదు. “నేను చంపానని పొద్దుట్నుంచి గుండె బాదుకుంటుంటే, వంటింట్లో గిన్నె తోముతూ కూర్చున్నావా?”

“చెప్తే వాడు పోతాడు. చెప్పకపోతే నువ్వు పోతావు. నా నోటితో రానివ్వకూడదని ఈవిడని పిలిచాను. తనే కనిపెడుతుంది, పాపం నాకంటదు అనుకున్నాను.” తడిచేతుల్ని చీరకి తుడుచుకుంది. మసి ఇంకా పాకింది. “అసలుది రాసుకో బాబూ. వాడు రికాబులు పైకి జరిపి, పట్టీ వదులు చేసి, జీను తిప్పుతున్నంతసేపూ ఆయన చెయ్యి ఇసకలో కదులుతూనే ఉంది. పాలు పొంగుతున్నాయి. నేను కిటికీ దగ్గర్నుంచి కదల్లేదు.”

టీచరమ్మ తల్లికి ఒక అడుగు దూరం జరిగి, గోడకి వేలాడే కారు తాళాలు లాక్కుని పరిగెత్తింది. ఇన్‌స్పెక్టర్ ఫోన్ చెవికి పెట్టుకున్నాడు. ట్రైలరు నంబరెంతని పెద్దావిడని అడిగాడు. ఆవిడకి తెలీదు.

గడియారం కూతురి వెనకే కారు వైపు పరిగెత్తుతూ వాచీ చూసుకుంది. పదకొండూ నాలుగు. షో జరిగే మైదానానికి నలభై నిమిషాల దారి. పన్నెండింటికి మొదటగా దూకేది పాపే.